దుర్యోధనుడు పడతాడని తెలిసే వెళ్తాం: ‘ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్’ రెండోసారి వేరే సినిమాలా ఎందుకుంటుంది

మొన్న ఆదివారం రాత్రి తిరుపతిలో మా ఇంట్లో ఐదుగురం కూర్చుని ‘ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్’ చూశాం. జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ అనే అన్నదమ్ములు తీసిన అమెరికన్ సినిమా ఇది. 2013లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ బహుమతి తెచ్చుకుంది. గంటా నలభై అయిదు నిమిషాలుంటుంది. అయిపోయి లైటు వేసేసరికి మా బావ నుదురు చిట్లించుకుని కూర్చున్నాడు. "ఏమబ్బా, మొదట్లో కొట్టినోడే మళ్ళా వచ్చి కొడతాడే? అది ఆ రాత్రేనా, ఇంకో రాత్రా?" అని అడిగాడు. ఒకరు ఒకే రాత్రి అన్నారు. ఇంకొకరు అతను చక్రంలో ఇరుక్కున్నాడన్నారు. మూడో ఆయన అసలు ఇందులో కథే లేదు పొమ్మన్నారు. ఆ వాదన అర్ధరాత్రి దాటినా తెగలేదు.

ఈ సినిమా చూసినవాళ్ళలో చాలామందికి ఇదే చిక్కు వస్తుంది. దాన్ని విప్పాలంటే ముందు కథను వరసలో పెట్టుకోవాలి, తర్వాత అందులోని పాటలేమిటో తెలుసుకోవాలి. కథ దాచకుండా మొత్తం చెబుతున్నాను.

## వరసలో పెడితే కథ ఇది

1961 ఫిబ్రవరి. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేట. లూయిన్ డేవిస్ గిటార్ పట్టుకుని పాత పాటలు పాడే కుర్రవాడు. ఈ పాత్రను ఆస్కార్ ఐజాక్ వేశాడు. లూయిన్‌కు ఇల్లు లేదు, చలికాలంలో తొడుక్కోవడానికి సరైన కోటు లేదు. ఒక్కో రాత్రి ఒక్కొక్కరి సోఫా మీద పడుకుంటాడు. ఒకప్పుడు మైక్ టిమ్లిన్ అనే స్నేహితుడితో కలిసి జంటగా పాడేవాడు. మైక్ వంతెన మీద నుంచి దూకి చనిపోయాడు. ఇప్పుడు ఒంటరిగా వేసిన రికార్డు అమ్ముడుపోవడం లేదు.

గోర్ఫీన్ అనే దంపతుల ఇంట్లో ఒక రోజు నిద్ర లేచి బయటికి వస్తుంటే వాళ్ళ పిల్లి తలుపు సందులోంచి జారుకుంటుంది. తలుపు మూసుకుపోతుంది. పిల్లిని చంకన పెట్టుకుని రైలెక్కి జీన్ అనే స్నేహితురాలి ఇంటికి వెళ్తాడు. అక్కడ కిటికీలోంచి అది మళ్ళీ పారిపోతుంది. జీన్ గర్భవతి. బిడ్డ తన భర్తదో లూయిన్‌దో ఆమెకు తెలియదు, ఉంచుకోదలచుకోలేదు. డాక్టరుకు కట్టే డబ్బు కోసం లూయిన్ ఒక వేళాకోళపు పాట రికార్డింగులో పాడతాడు. తర్వాత కారులో చోటు దొరికితే షికాగో దాకా వెళ్ళి బడ్ గ్రాస్‌మన్ అనే పేరున్న నిర్వాహకుడి ముందు పాడతాడు. ఆయన విని, ఇందులో పెద్దగా డబ్బు కనిపించడం లేదంటాడు. లూయిన్ వెనక్కి వస్తాడు. పాట మానేసి, నాన్నలాగే ఓడల్లో పనికి పోదామనుకుంటే, అందుకు కావలసిన లైసెన్సు ఉన్న పెట్టెను అక్క పారేసి ఉంటుంది. పారేయమన్నది తనే.

ఆ కోపంలో, తాగిన మత్తులో, గ్యాస్‌లైట్ అనే కాఫీ క్లబ్బులో వేదిక మీదున్న పెద్దావిడను నోటికొచ్చినట్టు ఎగతాళి చేస్తాడు. మర్నాడు రాత్రి అదే వేదిక మీద తను పాడతాడు. పాట అయ్యాక వెనక సందులో ఆవిడ భర్త కాచుకుని ఉండి కొడతాడు. వరసలో చెబితే ఇంతే కథ. కోయెన్లు చేసిందల్లా ఆ చివరి రాత్రిని తీసుకొచ్చి మొట్టమొదట పెట్టడం.

## ‘ఫోక్’ అంటే మన జానపదమేనా

ఇది తేల్చుకోకపోతే లూయిన్ బాధ సగమే అర్థమవుతుంది.

మే నెలలో మా తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పంబలవాళ్ళు వచ్చి పంబ వాయిస్తూ అమ్మవారి కథ చెబుతారు. వాళ్ళ నాన్న చెప్పాడు, తాత చెప్పాడు, వాళ్ళూ చెబుతారు. అది వాళ్ళ కులవృత్తి, వాళ్ళ హక్కు. ఇప్పుడు తిరుపతిలో చదువుకున్న ఒక కుర్రవాడు ఆ పాట విని మనసు పారేసుకుని, నేర్చుకుని, ఊళ్ళో ఒక హాలులో టికెట్టు పెట్టి పాడాడనుకుందాం. పాట అదే. కానీ పాడే మనిషికీ పాటకూ ఉన్న బంధం వేరు. అతను దాన్ని ఎంచుకున్నాడు. దానితో బతకగలడో లేదో ఎవరూ హామీ ఇవ్వరు.

1950ల చివర, 60ల మొదట్లో అమెరికాలో జరిగింది ఈ రెండో రకం. పట్నపు కుర్రకారు పల్లెల పాటలను, ఓడ కళాసీల పాటలను, నల్లజాతివాళ్ళ శ్రమ పాటలను వెతికి పట్టుకుని కాఫీ క్లబ్బుల్లో పాడారు. దాన్నే ఫోక్ రివైవల్ అన్నారు. లూయిన్ ఆ కుర్రకారులో ఒకడు. వేదిక మీద తనే ఒక నిర్వచనం చెబుతాడు: ఎప్పుడూ కొత్తది కానిదీ, ఎప్పటికీ పాతబడనిదీ అయితే అది ఫోక్ పాట. మొదటిసారి వింటే ఏదో సరదా మాటలా పోతుంది. సినిమా మొత్తం ఆ మాట చుట్టే తిరుగుతోందని నాకు రెండోసారి తట్టింది.

అతను పాడే ‘ఫేర్ దీ వెల్’ పాటకు ‘డింక్ పాట’ అని ఇంకో పేరుంది. గత శతాబ్దం మొదటి ఏళ్ళలో టెక్సాస్‌లో బ్రేజోస్ నది ఒడ్డున బట్టలుతుకుతున్న డింక్ అనే నల్లజాతి స్త్రీ దగ్గర జాన్ లోమాక్స్ అనే సేకర్త దీన్ని సేకరించాడు. ఆమె గురించి లోకానికి మిగిలింది దాదాపు ఆ ఒక్క పాటే. షికాగోలో లూయిన్ పాడే పాట జేన్ రాణిది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ భార్య జేన్ సీమోర్ 1537లో బిడ్డను కని కొద్ది రోజులకే చనిపోయింది. ఆ దుఃఖం మీద వందల ఏళ్ళుగా తిరుగుతున్న కథాగేయం అది. సినిమాలో వినిపించే బాణీ మాత్రం 1970ల్లో ఒక ఐర్లండ్ సంగీతకారుడు కట్టింది. 1961లో జరుగుతున్న కథలో అది ఉండే వీలు లేదు.

దీన్ని తప్పని కొట్టేసేవాళ్ళున్నారు. తిరుపతివాళ్ళకు ఇది అంత వింతగా తోచదనుకుంటాను. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. వాటి మీద రాగం పేరుంది కానీ స్వరం లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు 20వ శతాబ్దంలో కట్టిన బాణీల్లోనే మనం వాటిని వింటున్నాం. అయినా తెల్లవారుజామున కొండ మీద మైకులో వచ్చే పాట మనకు అయిదు వందల ఏళ్ళనాటిదిగానే వినిపిస్తుంది. మాట పాతది, గొంతు కొత్తది, వినేవాడికి రెండూ కలిసిపోయి ఒకటే.

ఒక తేడా మాత్రం ఉంది. అన్నమయ్య కీర్తన చివర వేంకటేశ ముద్ర ఉంటుంది, ఎవరిదో తెలుస్తుంది. జానపదానికి ముద్ర లేదు. అందుకే అది ఎవరిదన్న గొడవ వస్తుంది. లూయిన్ పాత్రకు కొంత ప్రేరణ ఇచ్చిన నిజ గాయకుడు డేవ్ వాన్ రాంక్ ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ అనే పాత పాటను తనదైన పద్ధతిలో పాడేవాడు. ఆ పద్ధతిని బాబ్ డిలన్ తీసుకుని 1961 నవంబరులో తన మొదటి రికార్డుకు పాడేశాడు. వాన్ రాంక్ దాన్ని రికార్డు చేద్దామనుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన పాడితే జనం డిలన్ పాట పాడుతున్నాడనేవారు. 1964లో యానిమల్స్ అనే బృందం దాన్ని పెద్ద హిట్టు చేశాక, డిలన్ పాడితే వాళ్ళ పాట అన్నారు. ముద్ర లేని పాట ఆఖరున బిగ్గరగా పాడినవాడిదైపోతుంది.

## మొదటి రాత్రీ చివరి రాత్రీ ఒకటేనా

ఇక మా బావ ప్రశ్న. మూడు రకాల జవాబులు చెబుతారు.

మొదటిది, ఒకే రాత్రి, ముందుకు జరిపారు. ఆఖరి కచేరీ శనివారం రాత్రి అనుకుందాం. సినిమా శనివారం రాత్రితో మొదలవుతుంది. పాట, సందు, దెబ్బలు. వెంటనే గోర్ఫీన్ల ఇంట్లో నిద్ర లేవడం చూపిస్తారు. దెబ్బలు తిని పడుకుని లేచాడని మనం అనుకుంటాం. నిజానికి కథ అక్కడ దాదాపు వారం వెనక్కి వెళ్ళింది. అక్కడి నుంచి నడుచుకుంటూ మళ్ళీ శనివారం రాత్రికి వస్తుంది. సాక్ష్యం మొదటి సన్నివేశంలోనే ఉంది. క్లబ్బు యజమాని పాపి నిన్న రాత్రి గొడవ సంగతి ఎత్తుతాడు, లూయిన్ క్షమించమంటాడు. ఆ ‘నిన్న రాత్రి’ ఏమిటో మనకింకా తెలియదు కాబట్టి చెవిన పడదు. గంటన్నర తర్వాత ఆ నిన్న రాత్రిని చూస్తాం.

రెండోది, ఇది చక్రం. లూయిన్ ఎప్పటికీ ఇదే వారం బతుకుతాడు. ఈ మాట అనేవాళ్ళకూ ఆధారాలున్నాయి. ‘వారం క్రితం’ అని తెర మీద ఎక్కడా రాయలేదు. గోర్ఫీన్ల ఇంట్లో నిద్ర లేవడం రెండుసార్లు వస్తుంది, దాదాపు అవే షాట్లతో. కొట్టినవాడు టాక్సీ ఎక్కి వెళ్తుంటే లూయిన్ నేల మీద నుంచి లేచి చివరి మాటగా ‘ఓ రివ్వా’ అంటాడు. ఫ్రెంచిలో దాని అర్థం మళ్ళీ కలుద్దామని. ఊళ్ళో అతనికి మిగిలింది అవే సోఫాలు, అవే గుమ్మాలు.

మూడోది, ఇదంతా కల, లేదా చచ్చాక పడే యాతన. దీనికి నాకు సినిమాలో గట్టి ఆధారం కనపడలేదు. షికాగో దారిలోని మంచు, చీకటి చూస్తే అలా అనిపించడం సహజమే.

సంఘటనల వరకూ మొదటి జవాబే నిలుస్తుందనుకుంటాను. అయితే చక్రం అన్నవాళ్ళు పొరబడ్డారనను. కోయెన్లు మనల్ని దారి తప్పించింది తెలిసే. వారం అయ్యాక మళ్ళీ అదే సందులోకి వచ్చి పడినప్పుడు, ఇతను ఇక్కడి నుంచి ఎక్కడికీ వెళ్ళలేదే అని మన గుండెల్లో కలుక్కుమంటుంది. ఆ భావం కోసమే ఆ అమరిక. తేదీల లెక్కకు ఒకే రాత్రి, మనసు లెక్కకు చక్రం.

ఇక్కడ ఒక చిన్న తేడా చూడాలి. రెండోసారి నిద్ర లేచి బయటికి వస్తున్నప్పుడు పిల్లి మళ్ళీ తలుపు దగ్గరికి వస్తుంది. ఈసారి లూయిన్ కాలు అడ్డం పెట్టి ఆపుతాడు. వారం మొత్తంలో అతను నేర్చుకున్నది బహుశా అదొక్కటే. అయినా అది అంత తక్కువేమీ కాదనిపిస్తుంది నాకు.

## భారతం మిట్ట మీద కూర్చున్నవాళ్ళు కథ కోసం రారు

మళ్ళీ చూడటమంటే చాలామంది ‘మలుపు తెలిశాక దాచిన గుర్తులు వెతకడం’ అనుకుంటారు. హత్య సినిమాలకు అది నిజం. ఈ సినిమాకు ఆ లెక్క సరిపోదు. దీనికి దగ్గరగా ఉన్నది నేను చిన్నప్పుడు చూసిన భారతం.

చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఒకరోజు అర్జునుడి వేషధారి పొడవాటి తపసు మాను ఎక్కుతూ పద్యాలు పాడతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయ, విబూది ఒడిలో పడితే చాలనుకుంటారు. చివరి రోజు మిట్ట మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడు, దుర్యోధనుడు ఆ బొమ్మ చుట్టూ, బొమ్మ మీద పరుగులు తీసి కొట్టుకుంటారు. తొడ విరుగుతుంది. ద్రౌపది జడ ముడుస్తుంది. సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు.

దుర్యోధనుడు పడతాడో లేదో అన్న టెన్షన్‌తో అక్కడికి ఎవరూ రారు. నా పక్కన కూర్చున్న ముసలమ్మకు అది యాభయ్యోసారి అయి ఉంటుంది. ఆమె చూసేది వేరు. ఈ ఏడు భీముడి గొంతు ఎలా ఉంది, నిరుడు వేసినాయన ఎందుకు రాలేదు, ఫలానా పద్యం ఎక్కడ తెగ్గొట్టాడు. ముగింపు తెలిసి ఉండటం వల్ల చెవి ఖాళీగా ఉంటుంది. కథను పట్టుకుని పరిగెత్తే పని లేదు కాబట్టి పాట వినపడుతుంది.

ఈ సినిమాను కూడా అలాగే రెండోసారి వినాలి. మొదటిసారి ‘ఇతను పైకొస్తాడా’ అనే ప్రశ్న మన చెవులు మూసేస్తుంది. రాడని తెలిశాక తెరుచుకుంటాయి.

## మూడుసార్లు వచ్చే ఒకే పాట

చెవి తెరుచుకుంటే ఏం వినపడుతుందో ఒక్క పాటతో చెబుతాను. ఆ డింక్ పాటే.

సినిమాలో అది మూడుసార్లు వస్తుంది. మొదటిసారి, గోర్ఫీన్ల ఇంట్లో లూయిన్ తమ పాత రికార్డు పెట్టినప్పుడు. రెండు గొంతులు కలిసి పాడుతుంటాయి. పిల్లిని పట్టుకుని రైల్లో వెళ్తుంటే కూడా అదే నడుస్తుంది. హాయిగా ఉంటుంది. ఆ రెండో గొంతు ఎవరిదో మనం పట్టించుకోం. మైక్ ఎలా పోయాడన్నది చాలాసేపటికి గానీ తెలియదు. షికాగో దారిలో రోలండ్ టర్నర్ అనే జాజ్ వాద్యకారుడు అడిగితే, జార్జ్ వాషింగ్టన్ వంతెన మీద నుంచి దూకాడని లూయిన్ చెబుతాడు. రోలండ్ దాన్ని కూడా వేళాకోళం చేస్తాడు.

రెండోసారి, గోర్ఫీన్ల ఇంట్లో భోజనాల దగ్గర. అతిథులొచ్చారు, ఒక పాట పాడవయ్యా అంటారు. ఇష్టం లేకపోయినా మొదలుపెడతాడు. ఇంటావిడ లిలియన్ ప్రేమగా రెండో గొంతు అందుకుంటుంది. లూయిన్ పాట ఆపేసి, అది మైక్ భాగం అని ఆమె మీద అరుస్తాడు. ఆమె ఏడుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఇంట్లో అందరూ, అన్నం పెట్టిన మనిషి మీద అరుస్తాడేం అని లూయిన్‌నే తిట్టారు. నిజమే, అరవకూడదు. అయితే రెండోసారి చూసినప్పుడు ఆ గొంతు ఎవరిదో మనకు ముందే తెలుసు. చనిపోయినవాడి చోటులో ఇంకొకరు వచ్చి కూర్చున్నట్టు అతనికి ఎలా ఉందో తెలుస్తుంది. ఇంట్లో పోయినవాళ్ళ కుర్చీలో తెలియక కూర్చున్న చుట్టాన్ని చూసి ఒక్కసారి ఉలిక్కిపడటం మనలో ఎవరికి తెలియదు?

మూడోసారి ఆఖరి రాత్రి. సినిమా మొదట్లో ఒక పాట తర్వాత నేరుగా సందులోకి తీసుకెళ్ళారు. చివర్లో అదే రాత్రి ఇంకో పాట కూడా పాడాడని తెలుస్తుంది. అది ఇదే. ఈసారి ఒక్కడే. రెండో గొంతు రావలసిన చోట గిటార్ మాత్రమే ఉంటుంది. సినిమాలో పాటలు చాలావరకు నటులు కెమెరా ముందు నిజంగా పాడగా రికార్డు చేసినవి. అందుకే ఆ ఊపిరి తడబాటు మనదాకా వస్తుంది. వారం పొడుగునా ఎవర్నీ తాకనివ్వని పాటను అతను ఒంటరిగా పాడగలిగాడు. ముందు ఆ పాటను కోసేసి, ఇప్పుడు ఇచ్చారు. అంటే మొదట్లో మనకు చూపించింది ఓటమి ఒక్కటే. దానికి ముందు అతను గెలిచిన అయిదు నిమిషాలను చివరి దాకా దాచుకున్నారు.

ఇప్పుడు షికాగో సన్నివేశానికి వెనక్కి రండి. గ్రాస్‌మన్ పాట విని, నీకు జోడీ ఎవరైనా ఉండేవాడా అంటాడు. ఉండేవాడంటాడు లూయిన్. అదీ సంగతి, మళ్ళీ కలవండి, నా సలహా అదే అంటాడు ఆయన. ఆయనకేమీ తెలియదు. లూయిన్ చెప్పడు కూడా. మంచి సలహా, థాంక్స్ అని లేస్తాడు. నాకు సినిమా మొత్తంలో అన్నిటికంటే బరువైన మాట అది.

## పెద్ద పాట, చిన్న సంతకం

డబ్బు సంగతి కూడా రెండోసారికే పూర్తిగా కనబడుతుంది. దానికి రెండు మాటలు తెలియాలి. సెషన్ ఫీజు అంటే ఆ రోజు పనికి ఆ రోజే ఇచ్చే కూలి. రాయల్టీ అంటే అమ్మకాల మీద వాటా.

మన దగ్గర క్యాసెట్ల రోజుల్లో ఒక గాయకుడికి రెండు దారులు చూపించారనుకుందాం. ఇప్పుడే 2,000 రూపాయలు, లేదా అమ్మిన ప్రతి క్యాసెట్‌కు 50 పైసలు. 4,000 క్యాసెట్లు పోతే రెండూ సమానం. 500 పోతే కూలి తీసుకున్నవాడు తెలివైనవాడు. లక్ష పోతే వాటా తీసుకున్నవాడికి 50,000 వస్తుంది. ఏది మంచిదో ముందే చెప్పలేం. కానీ ఇంట్లో బియ్యం లేనివాడికి ఆ ఎంపిక ఉండదు.

లూయిన్ అదే చేస్తాడు. అంతరిక్షంలోకి పంపవద్దని కెన్నెడీని వేడుకునే పాటను పాడి, వెంటనే డబ్బు కావాలని రాయల్టీ వదులుకుంటూ సంతకం పెడతాడు. ఆ డబ్బు జీన్ కోసం. తీరా డాక్టరు దగ్గరికి వెళ్తే, ఈసారి ఏమీ ఇవ్వక్కర్లేదంటాడు. రెండేళ్ళ కిందట ఇంకో అమ్మాయి కోసం లూయిన్ కట్టిన డబ్బు అలాగే ఉంది, ఆమె బిడ్డను ఉంచుకుని ఆక్రన్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అంటే ఆ సంతకం పెట్టక్కర్లేదు. పాట హిట్టయ్యేలా ఉందని తర్వాత వింటాడు.

అదే నిమిషంలో తనకొక బిడ్డ ఉన్నట్టు కూడా అతనికి తెలిసింది. ఇది తలలో పెట్టుకుని షికాగో పాట వినండి. ప్రసవం కాక నొప్పులు పడుతున్న రాణి, నా కడుపు కోసి బిడ్డను తీయండి అని వేడుకునే పాట. డబ్బు పుట్టించే పాట పాడాల్సిన చోట ఆ పాట ఎందుకెంచుకున్నాడో మొదటిసారి అర్థం కాదు. తిరుగు ప్రయాణంలో రాత్రిపూట ఆక్రన్‌కు దారి అనే బోర్డు వస్తుంది. దాన్ని చూస్తాడు. కారు తిప్పడు. నాకు ఇక్కడ తపసు మాను కింద తడి బట్టలతో పడుకున్న ఆడవాళ్ళే గుర్తొచ్చారు, ఎందుకో.

ఇంకొక్కటి చెప్పి ఈ లెక్క వదిలేస్తాను. అమ్ముడుపోని తన రికార్డుల పెట్టెను అల్ కోడీ అనే తోటి గాయకుడి గదిలో బల్ల కిందకు తోయబోతాడు లూయిన్. పోదు. చూస్తే అక్కడ అప్పటికే అల్ కోడీ రికార్డుల పెట్టె ఉంటుంది. ఒక్క మాట కూడా లేకుండా, ఇలాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారని చెప్పేశారు.

## పిల్లి దేనికి గుర్తు

పిల్లే లూయిన్ అని కొందరు, పిల్లే మైక్ అని కొందరు అంటారు. మొదటివాళ్ళకు మంచి ఆధారమే ఉంది. గోర్ఫీన్ గారి ఆఫీసుకు ఫోన్ చేసి ‘లూయిన్ దగ్గర పిల్లి ఉంది’ అని చెప్పమంటే, అవతలి అమ్మాయి ‘లూయినే పిల్లి’ అని రాసుకుంటుంది. చివర్లో పిల్లి పేరు యులిసీస్ అని తెలుస్తుంది. ఎన్నో అవస్థలు పడి ఇల్లు చేరిన గ్రీకు వీరుడి పేరది. పిల్లి తనంతట తాను ఇల్లు చేరింది. లూయిన్‌కు చేరడానికి ఇల్లు లేదు.

కథ బలంగా లేదనిపించి పిల్లిని పెట్టామని కోయెన్లు చెప్పుకున్నారు కూడా. దాన్ని బట్టి పిల్లికి అర్థమే లేదనడం సరికాదు. అలాగని ప్రతి మియావ్‌కూ ఒక అర్థం అతికించడం కూడా బాగోదు. అతను వేరే పిల్లిని తెచ్చి గోర్ఫీన్లకు ఇస్తాడు, దాన్నే తర్వాత కారులో వదిలేస్తాడు, ఇంకో జంతువును దారిలో గుద్దుతాడు. చేతికొచ్చిన దేన్నీ చివరిదాకా పట్టుకోలేని మనిషి. నేను అక్కడితో ఆగుతాను.

## నిజమైన ఆ పేట ఇలా ఉండేదా

దీని మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది. వాన్ రాంక్ 2002లో పోయాడు. ఆయన జ్ఞాపకాల పుస్తకం ‘ది మేయర్ ఆఫ్ మెక్‌డూగల్ స్ట్రీట్’ 2005లో వచ్చింది. షికాగో వెళ్ళి పాడటం, ఓడ పని వంటివి సినిమా అక్కడినుంచే తీసుకుంది. కానీ ఆయన లూయిన్‌లా ముక్కోపి కాదు. పదిమందికి పాట నేర్పిన మనిషి, పేటకు పెద్దదిక్కు. ఆయన మాజీ భార్య టెర్రీ థాల్, అప్పటి గ్రీనిచ్ విలేజ్‌లో ఉన్న స్నేహం, ఒకరికొకరు అన్న వెచ్చదనం తెర మీద లేవని రాశారు. ఆ రోజులు బతికినవాళ్ళ మాటను కాదనలేం.

సినిమా తరఫున చెప్పగలిగిందీ ఉంది. ఇది ఒక పేట చరిత్ర కాదు, ఒక దుఃఖం చరిత్ర. స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడి కళ్ళకు ఆ చలికాలం అలాగే కనిపిస్తుంది. వెచ్చదనం లేదని కూడా కాదు. గోర్ఫీన్లు క్షమిస్తారు, సైనికుడు ట్రాయ్ పలకరిస్తాడు, తిట్టిన జీనే చివరికి అతనికి గ్యాస్‌లైట్‌లో పాడే అవకాశం ఇప్పిస్తుంది. మొదటిసారి అవి కనపడవు, అతనికీ కనపడవు కాబట్టి.

ఆఖరి రాత్రి అతను వేదిక దిగాక ఇంకో కుర్రవాడు ఎక్కుతాడు. ముఖం సరిగా కనపడదు, గొంతు వినపడుతుంది. అది బాబ్ డిలన్ గొంతే, అతను పాడిన రికార్డే. డిలన్ నిజంగానే 1961 జనవరిలో న్యూయార్క్ వచ్చాడు. అదే సెప్టెంబరు 29న న్యూయార్క్ టైమ్స్‌లో అతని మీద వచ్చిన సమీక్ష జీవితాన్ని మార్చేసింది. సినిమా ఆ నెలలను ఒక రాత్రిలోకి కుదించింది. పత్రికవాళ్ళు వస్తారన్న మాట సినిమాలోనూ వినపడుతుంది. ఆ కొత్తవాడు పాడేది కూడా వీడ్కోలు పాటే. లోపల ఆ పాట నడుస్తుంటే బయట సందులో లూయిన్ దెబ్బలు తింటున్నాడు.

నిన్న రాత్రి మా బావ తనంతట తనే వచ్చి, ఆ సినిమా ఇంకోసారి పెట్టమన్నాడు. మేమిద్దరమే చూశాం. మొదటి పాట, సందు, గోర్ఫీన్ల ఇంట్లో నిద్ర లేవడం. రికార్డులో ఇద్దరూ పాడుతుంటే బావ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. లూయిన్ గిటార్ తీసుకుని తలుపు తెరిచాడు. పిల్లి వెనకాలే వస్తోంది. "కాలడ్డం పెట్టు సామీ, కాలు పెట్టు" అన్నాడు బావ, తెర వైపు వంగి.